మాలకొండమ్మ నిమ్మాకు

ఉదయగిరి ఎండ గురించి ఉదయగిరి వాళ్ళకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. పొద్దున్నించీ కాగిన కొండ మధ్యాహ్నానికి ఆ సెగంతా ఊరి మీదికి వదులుతుంది. ఆత్మకూరు బాట పట్టి ఆ సెగలో నడిచొచ్చినవాడికి కొండకింది వీధిలో కాళ్ళు వాటంతటవే ఆగే ఇల్లు ఒకటుండేది. అది చెంచురామయ్య ఇల్లు. కాళ్ళు ఆగేది ఆయన ముఖం చూసి కాదులెండి, ఆయన పెండ్లాం మాలకొండమ్మ చేతి పానకం కోసం.

మాలకొండమ్మది ఆత్మకూరు. పద్నాలుగో ఏట కాపురానికి వచ్చింది. వచ్చిన మర్నాడే అత్త పెంచలమ్మ ఆమెను పెరట్లోకి తీసుకుపోయి, నిమ్మచెట్టు నుంచి ఒక లేతాకు తుంచి చేతిలో పెట్టింది.

“ఈ ఇంట్లో ఎవురికి దాహమిచ్చినా పైన ఆకు తేలాల. పానకమైనా, మజ్జిగైనా, వొట్టి నీళ్ళైనా. ఆకు లేని చెంబు గడప దాటగూడదు. ఇనిపించిందా?”

“ఇనిపించింది అత్తా.”

ఎందుకని అడగలేదు. అత్తను ఎందుకని అడిగి బతికి బట్టకట్టిన కోడలు ఆ రోజుల్లో ఈ తాలూకా మొత్తంలో ఉందో లేదో నాకైతే తెలీదు. అందానికి కాబోలు అనుకుంది మాలకొండమ్మ. అందానికే అయితే ఒక్క ఆకుతో సరిపెట్టడమెందుకు అని కూడా అనుకుంది. అక్కణ్ణించి మొదలైంది ఆమె పిచ్చి.

నిమ్మకాయను సన్నటి చక్రాలుగా కోసి, ఒక పక్క గాటు పెట్టి, చెంబు అంచుకు తగిలించేది. మారేడు గుజ్జు పిసికిన షర్బత్తు మీద దానిమ్మ గింజలు చల్లేది. సుగంధిపాల వేళ్ళు కాచిన నీళ్ళలో పుదీనా కొసలు మాత్రమే వేసేది, ముదురాకు పడితే వేరు వాసన చస్తుందని. పక్క వీధిలో అత్తరూ పన్నీరూ అమ్మే దస్తగిరి ఆమెకు సబ్జా గింజలు నానబెట్టడం నేర్పాడు. నానిన గింజలు చెంబులో పైకీ కిందికీ తిరుగుతుంటే వీధిలో ఆడవాళ్ళు పని మానుకుని వచ్చి చూసేవాళ్ళు. రోజా రేకును బోర్లా వేయకూడదు, దోనె మాదిరి వెల్లకిలా తేలేట్టు వదలాలని కూడా దస్తగిరే చెప్పాడు. “ఆయమ్మ ఇంట్లో దాహం తాగితే తోటలో మేసొచ్చినట్టు ఉంటాది” అని ఎగతాళి చేసేవాళ్ళు, చేస్తూనే ఇంకో చెంబు అడిగేవాళ్ళు. పెంచలమ్మ మాత్రం ఆ సింగారం వైపు కన్నెత్తి చూసేది కాదు. “ఆకుండాదా?” అనేది. ఉందంటే తన పని తాను చూసుకునేది.

ఇదంతా అరుగెక్కి కూర్చునేవాళ్ళకు. అరుగెక్కనివ్వని కులాల వాళ్ళు వీధిలోనే వొంగి దోసిలి పడితే, ఆడవాళ్ళు అరుగు మీద నిలబడి పైనించి పోసేవాళ్ళు. దోసిట్లో పోసే దాహానికి ఆకూ ఉండదు, చక్రమూ ఉండదు. ఆ పోతకు ఉన్నది ఒకటే నియమం, వీధి వీధంతా పాటించేది. తాగేవాడు తల ఎత్తి “చాలు” అనేదాకా పొయ్యాలి. మధ్యలో ధార ఆపితే దాహానికి వచ్చినవాడి నోరు కొట్టిన పాపం చుట్టుకుంటుంది. మాలకొండమ్మ ఏ రోజూ ఆపలేదు. ఆపని చెయ్యి అని ఆమెకు పేరు కూడా వచ్చింది.

ఆ తరవాత ధాత కరువు వచ్చింది. ధాత సంవత్సరం పోయి ఈశ్వర వచ్చినా వాన మాత్రం రాలేదు. ఆత్మకూరు చెరువు నెర్రెలిచ్చిందని పుట్టింటి నుంచి కబురొచ్చింది. మర్రిపాడు మిట్టల మీద మందలకు మందలు గొర్రెలు పడిపోయాయి. జనం గుంపులు గుంపులుగా తూర్పున సముద్రం పక్క కాలవ తవ్వే కరువు పనులకు పోయారు. వాళ్ళలో కొందరు అదే బాటన తిరిగొచ్చారు, కొందరు ఆ బాట పక్కనే ఉండిపోయారు.

చెంచురామయ్య ఇంట్లో పాతరలో కాసిని జొన్నలు, అటక మీద కాసిని బెల్లం అచ్చులు మిగిలాయి. మాలకొండమ్మ రోజుకొక కడవ పలచటి పానకం కలిపి బాటన పోయేవాళ్ళకు పోసేది. సింగారం మాత్రం మానేసింది.

“కడుపు మాడి వచ్చినోళ్ళ ముందర నిమ్మ చక్రాలేంది, సిగ్గు లేకుండా” అంది మొగుడితో.

చక్రాలతో పాటు ఆకూ మానేసింది. సిగ్గుపడవలసిన చోట సిగ్గుపడింది పాపం, అందులో తప్పేముంది? పెంచలమ్మకు అప్పటికే చూపు పోయింది. వసారాలో కుక్కిమంచంలో పడి ఉండేది. కడవలో ఏం తేలుతున్నదో, ఏం తేలడం లేదో ఆమెకు తెలియలేదు.

వైశాఖంలో ఒక మిట్టమధ్యాహ్నం ఆత్మకూరు బాట నుంచి ఒక మనిషి వచ్చాడు. నడిచి వచ్చాడనడానికి నోరు రాదు. గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ, ఆగి ఆగి వచ్చాడు. అరుగు ముందు మోకాళ్ళ మీద కూలబడి దోసిలి పట్టాడు. ఏ ఊరని అడిగితే పలకలేదు. పలకడానికి నాలుక తిరగలేదు. పైనించి చూస్తున్న మాలకొండమ్మకు కనబడినవి అతని నడినెత్తి, వెన్నుపూసలు, రెండు చేతులు. ఎడమ చేతికి చిటికెన వేలి పక్కన ఆరో వేలు ఉంది. చిన్నది, గోరుతో సహా.

ఆమెకు జాలి ముంచుకొచ్చింది. ఆ రోజు ఏ గ్రహచారమో, రెండచ్చులు ఎక్కువేసి పానకం చిక్కగా కలిపింది. ధార కట్టింది. అతను గుటకలు వేస్తున్నాడు, వీధి ఆ చివరికి వినిపించేట్టు. ఒక చెంబు అయింది. తల ఎత్తలేదు. రెండో చెంబు ముంచింది.

“తాగు నాయనా, తాగు. నీకెంత గావాల్నో అంత తాగు.”

మూడో చెంబు సగంలో గుటకల చప్పుడు ఆగిపోయింది. ఆమె ధార ఆపలేదు. తల ఎత్తలేదు కదా, చాలు అనలేదు కదా! పానకం దోసిలి నిండి, మోచేతుల మీదుగా కారి మట్టిలోకి పోతున్నది. అతని ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుంది. అట్లాగే పక్కకు ఒరిగాడు. ఒరిగాక కూడా దోసిలి విడలేదు.

వీధి పోగైంది. ముఖం తిప్పి చూశారు, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశారు. “ఎండదెబ్బ” అన్నాడొకడు. “ఎండదెబ్బే” అన్నారు తక్కినవాళ్ళు. ఆ నెలలో వాళ్ళు అట్లాంటి చావులు ఎన్ని చూశారనీ! పేరు తెలీదు, ఊరు తెలీదు. ఊరవతలి పల్లె వాళ్ళకు కబురుపెడితే వచ్చి మోసుకుపోయి కొండ మొదట్లో మట్టి చేశారు. మాలకొండమ్మ చెంబు చేతిలోనే పట్టుకుని వసారాలోకి వచ్చి కూలబడింది.

అప్పుడు మంచంలో నుంచి అడిగింది పెంచలమ్మ. “ఆకేసినావా పిల్లా?”

“దోసిట్లో ఆకెట్లా వేసేది అత్తా?”

“మరి చెయ్యన్నా ఆపినావా?”

“ఆపితే పాపం గదా!”

ముసలామె తడుముకుంటూ కోడలి చెయ్యి పట్టుకుంది. “ఓసి నా తల్లీ. ఆకు అందానికనుకున్నావా? ఎండలో పడి వచ్చినోడు ఒక్క గుక్కన తాగితే గుండె ఆగిపోతాది. ఆకు అడ్డం పడితే ఊదుకోని, ఆగి, మళ్ళా తాగతాడు. దానికే గదే ఆకు! ఆకు లేనిచోట చెయ్యి ఆపి ఆపి పొయ్యాల. అందులోనూ కరువు కడుపు. దానికి బెల్లం నీళ్ళు ముంతడు మించగూడదు.”

“ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదు అత్తా?”

“నువ్వు అడగలా. మా అత్తా నాకు ఆలస్యంగానే చెప్పింది.”

ఆకు ఎవరిని కాపాడుతుందో తెలిసిన ఇల్లు, ఆ ఆకు అందని వాళ్ళను గురించి మూడు తరాలుగా ఒక్క మాట అనుకోలేదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. సరే, నా మంట సంగతి వదిలేయండి, కథ మాలకొండమ్మది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె వంటింట్లో ఉండగా గుటకల చప్పుడు వినిపించింది. వీధిలోకి వచ్చి చూస్తే ఎవరూ లేరు. ఎండ తెల్లగా పరుచుకుని ఉంది. లోపలికి పోతే మళ్ళీ అదే చప్పుడు. గుటక, గుటక, గుటక. మూడో రోజూ అంతే. రాత్రిళ్ళు ఏ చప్పుడూ లేదు, హాయిగా నిద్ర పట్టేది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మాత్రం చేతులు చల్లబడేవి.

అతను పడిన చోట చీమలు పట్టాయి. పానకం ఇంకిన నేల కదా, పడతాయి. నెలకు మానాలి, మానలేదు. ఆ వర్షాకాలానికి నాలుగు చినుకులు పడి ఆ మట్టి కొట్టుకుపోయింది. ఎండకాసిన మర్నాడే మళ్ళీ అక్కడికే బారు కట్టాయి. చెంచురామయ్య పారతో మన్ను గీకించి కొత్త మన్ను పోయించాడు. వారం తిరిగేసరికి మళ్ళీ అదే బారు. “ఈడ పుట్ట ఉండాదేమోలే” అన్నాడు, ఆమె ముఖం చూడకుండా.

అన్నం దగ్గర ఇంకో తంటా. మాలకొండమ్మ ఎవరికైనా గంజి పోస్తే ఇక ఆపేది కాదు. కంచం నిండి నేల మీదికి పారుతున్నా పోస్తూనే, ఎదటి మనిషి నోటి వైపు చూస్తూ నిలబడేది. ఇంట్లో వాళ్ళంతా మొదటి గరిటెకే “చాలు, చాలు” అని కేకేయడం నేర్చుకున్నారు. కొత్తగా వచ్చిన చుట్టాలు ఇదేం మర్యాదరా అని విస్తుపోయేవాళ్ళు. నవ్వుకున్నవాళ్ళూ ఉన్నారు. తెలిసినవాళ్ళు నవ్వలేదు.

మరుసటేడు బహుధాన్యలో వానలు పడ్డాయి. జొన్న వచ్చింది, నిమ్మచెట్టు చిగిర్చింది. మాలకొండమ్మ మళ్ళీ దాహాల సింగారం మొదలుపెట్టింది గానీ, అది మునుపటి సింగారం కాదు. ఒక ఆకు చాలదన్నట్టు మూడేసేది. దాని మీద పుదీనా, దాని మీద చక్రం, మీద మీద సబ్జా. చెంబులో నీళ్ళు కనబడేవి కావు. తాగేవాడు ఊదీ ఊదీ వేసారిపోయేవాడు.

“ఇది సింగారం గాదమ్మా. చెంబుకి తలుపేసినట్టుండాది” అన్నాడు దస్తగిరి ఒకసారి తాగబోయి.

“తలుపే దస్తగిరన్నా” అంది.

దోసిట్లో పోయడం పూర్తిగా మానేసింది. కుమ్మరి ముంతలు తెప్పించి, వీధిలో దోసిలి పట్టిన వాళ్ళ చేతికి ఆకు వేసిన ముంత అందించేది. తాగి పగలగొట్టి పోవచ్చు. దీని మీద మొగుడితో పెద్ద రభస అయింది.

“వాళ్ళ చేతికి ముంత అందిస్తావా? ఊరు ఏమంటాదో తెలుసా?”

“అననీ. కుండ మూతికి వాసెన కట్టొచ్చు గానీ ఊరి నోటికి కట్టలేమని మీరే గదా అంటా ఉంటారు.”

“అది సరేలే, ఆ ఆరువేళ్ళ మనిషి సంగతి కనబడినోళ్ళందరినీ ఎందుకడగతావు? ఎండదెబ్బని ఊరంతా అనింది. నువ్వు నోరు జారితే మన గడప ఎవురు తొక్కుతారు?”

“వాళ్ళ మనిషికి ఒక్కరికి చెప్పుకోవాల. చెప్పేదాకా ఈ చప్పుడు ఆగదు. నాకు తెలుసు.”

నిజానికి అడిగేది గానీ, అడిగిన ప్రతిసారీ ఎదటివాళ్ళు తెలీదంటే ఊపిరి పీల్చుకునేది. దొరకాలని మొక్కేది, దొరక్కూడదని మొక్కేది. రెండు మొక్కులూ ఒకే దేవుడికి. ఆ మధ్యలోనే పెంచలమ్మ పోయింది. పోతూ పోతూ తులసినీళ్ళు కూడా చెంచాతో ఆపి ఆపి పొయ్యమని చెప్పి పోయింది.

ఆ పై ఏడు, ప్రమాథి వైశాఖం. అదే ఎండ, అదే వేళ. ఆత్మకూరు బాట నుంచి ఒక ఆడమనిషి వచ్చి వీధిలో నిలబడింది. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో, జుట్టు అప్పుడే నెరిసింది. మెడలో ఏమీ లేదు. చెంచురామయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మాలకొండమ్మ గడపలో ఉంది.

“అయ్యా, మాది కొండకవతల పల్లె. కరువులో మా యమ్మ కాడికి దుత్తలూరు పోయినాను. కిందటేడు బాప్తిస్మం ఇచ్చి లిదియమ్మని పేరు పెట్టినారు. నా మొగుడు ఓబయ్య. కాలవ పన్లో వాంతిభేది తగిలి పోయినాడని చెప్పినారు, ఏడ్చి ఊరుకున్నాను. మొన్న ఒకాయన కనబడి, కాదు, ప్రాణంతోనే ఇంటికి బయల్దేరినాడు, ఆత్మకూరు దాకా నాతోనే నడిచినాడు అన్నాడు. అందుకని ఆత్మకూరు నుంచి ఇంటింటా అడగతా వస్తా ఉండాను. సన్నటి మనిషి. ఎడమ చేతికి ఆరు వేళ్ళు.”

మాలకొండమ్మ గడప పట్టుకుంది. చెంచురామయ్య ఆమె కంటే ముందు నోరు తెరిచాడు.

“వచ్చినాడు. ఎండదెబ్బ తగిలి ఈడ్నే పడిపోయినాడు. మీ వాళ్ళే కొండ మొదట్లో మట్టి చేసినారు. పోయి చూసుకో తల్లీ, చూపిస్తారు.”

లిదియమ్మ ఏడవలేదు. ఎక్కడ అని అడిగి, అతను చెయ్యి చూపిన చోటికి చూసింది. అక్కడ చీమల బారు పోతున్నది. తరవాత తల తిప్పి, బాట పొడుగునా మోసుకొచ్చిన మాట ఒకటి అడిగింది.

“నీళ్ళు… ఎవురన్నా నోట్లో నీళ్ళు పోసినారా అయ్యా? ఎండిన నోటితోనే పోయినాడా?”

చెంచురామయ్య తల దించుకున్నాడు. ఎవరూ పొయ్యలేదంటే ఊరికి మచ్చ. పోశామంటే ఆ మాట ఎక్కడిదాకా పోతుందో అతనికి తెలుసు. మాలకొండమ్మకు తప్పించుకునే దారి అక్కడే తెరిచి ఉంది. రెండు చుక్కలు పోశామమ్మా అంటే సరిపోయేది, లిదియమ్మ దణ్ణం పెట్టి పోయేది.

“నేను పోసినాను” అంది మాలకొండమ్మ. “ఎండదెబ్బ గాదు. నేనే పోసినాను.”

మెట్టు దిగి వీధిలోకి వచ్చింది. మొగుడు వారిస్తున్నా వినకుండా అంతా చెప్పింది. ఆకు సంగతి, పాపం సంగతి, మూడు చెంబుల సంగతి. గుటకలు ఆగినా ధార ఆపలేదని చెప్పింది. రోజూ మధ్యాహ్నం వినిపించే చప్పుడు గురించి కూడా చెప్పింది. “ఏమన్నా అను తల్లీ. దుమ్మెత్తి పొయ్యి, చెప్పుతో కొట్టు. నా చేతులతో నేనే చంపినాను” అని వీధిలోనే కూర్చుని ఏడ్చింది.

లిదియమ్మ ఎవరూ అనుకోని మాట అడిగింది.

“పానకమా? ఆ కరువులోనా?”

“ఊఁ.”

“బెల్లమేసిందా?”

“చిక్కంగా కలిపినాను.”

“తియ్యగా ఉండిందా?”

“ఉండింది.”

లిదియమ్మ ముఖం అప్పుడు కదిలింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “బెల్లమంటే ప్రాణం ఆయనకి” అంది కొంగులో నుంచి.

మాలకొండమ్మ లేచి లోపలికి పోయి పానకం కలిపింది. ఆకు వేసి, చక్రం పెట్టి, సబ్జా చల్లి, ఒక ముంత సింగారించి తెచ్చి రెండు చేతులా పట్టుకుని అందించింది. “అరుగు మీద కూచ్చో తల్లీ. కూచ్చోని తాగు” అంది. చెంచురామయ్య నోరు మెదపలేదు.

లిదియమ్మ ముంత వైపు చూసింది, తీసుకోలేదు. చీమల బారుకు పక్కగా నేల మీద మోకాళ్ళూని, వొంగి, దోసిలి పట్టింది.

“ముంతలో వద్దమ్మా. ఆయనకి పోసినట్టే పొయ్యి.”

“నా వల్ల కాదు” అంది మాలకొండమ్మ.

“పొయ్యి.”

మాలకొండమ్మ చెంబు తెచ్చింది. వొంగిన నడినెత్తి, వెన్నుపూసలు, రెండు చేతులు. పది వేళ్ళే. ఆమె ముంతలోని నిమ్మాకు తీసి ఆ దోసిట్లో వేసింది. దోసిట్లో ఆకు వెయ్యకూడదని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, ఎవరూ వేసి చూడలేదు, అంతే.

ధార కట్టింది. ఆకు పైకి తేలి పెదవులకు అడ్డం వచ్చింది. లిదియమ్మ ఊదుకుని తాగింది. గుటక వినిపించింది. మాలకొండమ్మ చెయ్యి ఆపింది. మళ్ళీ పోసింది, మళ్ళీ ఆపింది. ఆపినప్పుడల్లా ఆ తల వైపు చూస్తూ నిలబడింది. తల లేవలేదు. చెంబు సగమైంది. లేవలేదు. ఈసారి కూడా లేవదని, ఎప్పటికీ లేవదని, ఈ వీధిలో తాను పోస్తూనే ఉంటానని అనిపించింది ఆమెకు.

దోసిట్లో చుక్క లేకుండా తాగి లిదియమ్మ తల ఎత్తింది. గడ్డం మీది నుంచి పానకం కారుతున్నది. ఆకు అరచేతిలో అంటుకుని ఉంది.

“చాలమ్మా” అంది. “చాలు.”